వర్క్‌షాపు అయిపోయిన వారానికి ఏం మిగిలింది?

బెంగళూరులో మారతహళ్లి వంతెన దగ్గర నిలబడి తలెత్తితే పీజీ బోర్డులు, ఆంధ్రా మెస్ బోర్డులు, జావా కోచింగ్ బోర్డులు. వాటి సందుల్లో ఇంకో రకం బోర్డులు: స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్ స్కిల్స్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్. ఈమధ్య బోర్డు కూడా అక్కర్లేదు, నేరుగా ఫోన్లోకే వచ్చేస్తున్నారు. అప్రైజల్‌లో 'కమ్యూనికేషన్ ఇంకాస్త మెరుగుపడాలి' అని మేనేజర్ ఒక్క లైను రాస్తే చాలు. కడప నుంచో కాకినాడ నుంచో వచ్చి నాలుగేళ్లుగా బుద్ధిగా పని చేసుకుంటున్న మనిషి ఆ శని, ఆదివారాలు వేలు పోసి ఓ హోటల్ హాల్లో కూర్చుంటాడు. ఆదివారం సాయంత్రం బయటికొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతుంటుంది. సోమవారం పొద్దున టీమ్ అంతా నిలబడి పని సంగతులు చెప్పుకునే స్టాండప్‌లో మళ్లీ అదే గొంతు, అదే తడబాటు.

అతనికి శ్రద్ధ లేదనడానికి లేదు, తెలివి లేదనడానికి అసలే లేదు. కొలిచే కర్రే తప్పు. క్లాసు ఎలా ఉందో అయిన వెంటనే అడుగుతారు, అయిన వెంటనే రేటింగ్ ఇస్తాం. మనస్తత్వశాస్త్రం ఈ విషయంలో గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది: నేర్చుకునేటప్పుడు హాయిగా అనిపించే పద్ధతులు ఎక్కువగా నిలబడవు, నిలబడే పద్ధతులు చేసేటప్పుడు చిరాకుగా ఉంటాయి. కాబట్టి ఏ కోర్సునైనా, ఏ పుస్తకాన్నైనా, ఏ యూట్యూబ్ గురువునైనా వారం తర్వాత ఏం మిగిలిందన్న దానితోనే తూచాలని నా వాదన. దీనికి ఆధారాలేమిటో, ఆచరణలో ఎలా పెట్టాలో, ఎక్కడ తేడా కొడుతుందో చెబుతాను.

మరుపు లెక్కలు కొత్తవేం కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ అర్థం లేని అక్షరాల గుత్తులు తయారు చేసుకుని, బట్టీపట్టి, ఎప్పుడు ఎంత మర్చిపోతున్నాడో తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లో అచ్చు వేశాడు. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోతుంది, తర్వాత ఆ జారుడు నెమ్మదిస్తుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే ప్రయోగం మళ్లీ చేస్తే గీత దాదాపు అలాగే వచ్చింది. మనస్తత్వశాస్త్రంలో పేరు మోసిన ఫలితాలు చాలా మళ్లీ చేసి చూస్తే కూలిపోయాయి గనక, ఇలా నిలబడిన వాటి విలువ ఎక్కువ.

దీనికి విరుగుడు కూడా ప్రయోగాల్లోనే దొరికింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకి చిన్న చిన్న పాఠాలిచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, పాఠం మూసేసి, గుర్తున్నదంతా మూడు విడతలు రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 71. వారం తర్వాత పెడితే తిరగబడింది: చదివినవాళ్లకి 40, రాసినవాళ్లకి 61. అసలు కిటుకు మరోచోట ఉంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది చదివినవాళ్లే. అంటే మనసు ఇచ్చే రేటింగే తప్పుగా వస్తోంది. వర్క్‌షాపు చివర్న మనం నింపే ఫారం కూడా ఈ ఐదు నిమిషాల పరీక్ష లాంటిదే.

మన బడుల్లో పాఠం అప్పజెప్పమనేవాళ్లు. దాంట్లో బట్టీ ఉంది, బెత్తం ఉంది, తిట్టుకోడానికి సవాలక్ష కారణాలున్నాయి. కానీ పుస్తకం మూసి నోరు తెరవమనడం మాత్రం సరైన పని. అష్టావధానం చూసినవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒక్కసారే చెప్పేసి ముందుకి పోడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం. మధ్యలో అప్రస్తుత ప్రసంగం, గంటల లెక్క. రెండో పాదం చెప్పాలంటే మొదటి పాదాన్ని ఇంతసేపటి తర్వాత తవ్వి తీయాలి, మూడోదానికి ముందు రెండూ తీయాలి. చివర్న పద్యాలన్నీ తిరిగి ఒప్పజెప్పే ధారణ వచ్చేసరికి ఆ పద్యాలు అప్పటికే ఎడం ఎడంగా బయటికి వచ్చి ఉన్నాయి. ఆ ధారణలో అవధాని ప్రతిభ ఎంతుందో, ఈ ఏర్పాటు పనితనం కూడా అంతే ఉందని నేననుకుంటాను.

ఇక ఆచరణలో పెట్టే సంగతి. దీనికి కన్నడం కంటే మంచి ఉదాహరణ బెంగళూరు తెలుగువాడికి దొరకదు. ఓనరుకి తెలుగొచ్చు, కూరగాయల బండి అతనికి తెలుగొచ్చు, ఆటో అన్నకి తెలుగొచ్చు. అందుకని పదేళ్లున్నా 'గొత్తిల్ల' (తెలీదు), 'స్వల్ప' (కొంచెం) దగ్గరే బండి ఆగిపోతుంది. పదేళ్లుగా చెవిన పడుతున్న భాష నోటికి రాకపోవడమే, వినడం వల్ల ఏదీ దానంతటదే రాదనడానికి సాక్ష్యం.

ముందు లిపి. తెలుగు, కన్నడం రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కాబట్టి సగం అక్షరాలు ముఖపరిచయం ఉన్నవే. అక్షరాల చార్టు ఒక్కసారి చూసుకుని వదిలేయండి. ఆ తర్వాత చార్టు జోలికి పోకుండా మెట్రో పర్పుల్ లైన్ ఎక్కండి. స్టేషన్ బోర్డు మీద పైన కన్నడం, కింద ఇంగ్లిషు ఉంటాయి. ఇంగ్లిషు మీదికి చూపు పోకముందే కన్నడం చదవాలి, పెదాలు కదలాలి, ఆ తర్వాతే ఇంగ్లిషుతో సరిచూసుకోవాలి. ముందు ఇంగ్లిషు చూసి తర్వాత కన్నడం చూస్తే ఎన్ని నెలలు తిరిగినా అక్షరం రాదు. అప్పుడు కన్ను గుర్తుపడుతుందే గానీ, మనసు వెతకదు.

తర్వాత మాటలు. తెలుగువాడికి ఇక్కడో అడ్డదారి ఉంది: మన పదం మొదట్లోని 'ప' చాలాచోట్ల అక్కడ 'హ' అవుతుంది. పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు, పాము హావు, పల్లె హళ్ళి. ఇదొక్కటి పట్టుకుంటే చాలా మాటలు ఊహకే వచ్చేస్తాయి. ఉచ్చులూ ఉన్నాయి. 'తిండి ఆయ్తా' అంటే భోజనం సంగతి అనుకుంటాం, వాళ్లు అడిగేది పొద్దుటి టిఫిన్ గురించి.

విడి మాటలు కార్డుల మీద రాయొద్దు, ఈ వారం నిజంగా వాడబోయే వాక్యాలు రాయండి. ఓనరుకి చెప్పాల్సిన 'ఇవత్తు నీరు బందిల్ల' (ఇవాళ నీళ్లు రాలేదు). ఆటోలో 'ఇల్లే నిల్సి' (ఇక్కడే ఆపండి). ఎవరైనా గడగడా మాట్లాడేస్తుంటే 'స్వల్ప నిధానవాగి హేళి' (కొంచెం నెమ్మదిగా చెప్పండి). కార్డు ముందు తెలుగు, వెనక కన్నడం. రోజుకి కొత్తవి ఆరు మించకూడదు. తెలుగు వైపు చూసి కన్నడం పైకి అనాలి. కనీసం ఐదు సెకన్లు తన్నుకున్నాకే తిప్పాలి. చెప్పగలిగితే ఆ కార్డు రేపటికి, రేపు కూడా చెప్పగలిగితే మూడు రోజుల తర్వాతకి, ఆపైన వారానికి, ఆపైన మూడు వారాలకి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి అరలోకి. ఐదు అరల అట్టపెట్టెతో ఇలా చేయడాన్ని 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆంకీ లాంటి యాప్‌లు ఇదే పనిని ఫోన్లో చేసిపెడతాయి.

ఒకసారి తిరగేసినదానికీ మళ్లీ తిరగేసేదానికీ మధ్య ఎడం ఎంతుండాలన్న దానికీ లెక్క ఉంది. 2008లో సెపెడా బృందం వెయ్యిమందికి పైగా మనుషుల మీద వేర్వేరు ఎడాలు పెట్టి చూసింది. ఎప్పుడు వాడుకోవాలన్న దాన్ని బట్టి ఎడం మారుతుంది. వారం తర్వాత కావాల్సిన దాన్ని ఓ రోజు ఎడంతో తిరగేస్తే సరిపోతుంది, ఏడాది తర్వాత కావాల్సిన దానికి మూడు వారాల ఎడం కావాలి. పరీక్ష ముందురోజు రాత్రంతా కూర్చుని చదివింది పరీక్షకి పనికొచ్చి, వచ్చే నెలకి మాయమైపోయేది ఇందుకే.

ఈ కార్డుల పద్ధతి చెడిపోయే దారులు నాకు తెలిసినంతలో మూడే. కన్నడం వైపు చూసి తెలుగు అర్థం చెప్పుకుంటూ 'అంతా వచ్చేసింది' అనుకోవడం ఒకటి. ఆటో దగ్గర కావాల్సింది రెండో దిశ. ఆదివారం ఉత్సాహంలో యాభై కార్డులు రాసేయడం ఇంకోటి. బుధవారానికి అవన్నీ ఒకేసారి మీదపడతాయి, గురువారం యాప్ తెరవబుద్ధి కాదు, శుక్రవారానికి కథ కంచికి. మూడోది, తప్పులు రాకపోవడం. పదికి పది వస్తున్నాయంటే ఎడం మరీ తక్కువని అర్థం, కష్టపడాల్సిన చోట కాలక్షేపం జరుగుతోంది. సగం తప్పుతుంటే ఎడం ఎక్కువైంది, లేదా కార్డు మీద వాక్యం చాంతాడంత ఉంది, రెండు ముక్కలు చేయాలి. పదికి ఎనిమిది దగ్గర తూకం బాగుంటుంది.

ఉద్యోగం మారడానికి కోడింగ్ ఇంటర్వ్యూలకి తయారయ్యేవాళ్లు ఇదే తప్పు ఇంకో రూపంలో చేస్తారు. ఈ వారం ఎర్రేలు, వచ్చే వారం ట్రీలు, ఆపైన డైనమిక్ ప్రోగ్రామింగ్. వారం చివరికి ఆ టాపిక్ లెక్కలు చకచకా వచ్చేస్తుంటాయి. ఇంటర్వ్యూలో మాత్రం బోర్డు ముందు బిగుసుకుపోతారు. అక్కడ ఎవరూ 'ఇది ట్రీ లెక్క' అని చెప్పి ఇవ్వరు కదా. రోరర్, టేలర్ 2007లో గణితం మీద ఇదే పరీక్షించారు. ఒక రకం లెక్కలన్నీ ఒకచోట చేసినవాళ్లకి సాధన సమయంలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగాపులగంగా చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకి 20, రెండోవాళ్లకి 63. కొత్త టాపిక్ మొదటి రెండు రోజులు విడిగా చేయండి, తప్పులేదు. మూడో రోజు నుంచి అందులోంచి రెండు, పాత టాపిక్స్ నుంచి మూడు, పేర్లు కనబడకుండా కలిపి తీసుకోండి. కోడ్ రాయకముందే 'దీనికి ఏ పద్ధతి, ఎందుకు' అని ఒక్క వాక్యం కాగితం మీద పెట్టండి. ఇంటర్వ్యూలో తూచేది ఎక్కువగా ఆ వాక్యాన్నే.

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం, మీటింగుల్లో నోరు రాకపోవడం. ఈ ఊళ్లో సాఫ్ట్ స్కిల్స్ క్లాసుకి వెళ్లినవాళ్లు చాలామంది ఓ స్లైడ్ చూసే ఉంటారు: మన సందేశంలో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, శరీర భాషది 55. ఇది మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. అందులో ఒకదాంట్లో 'మేబీ' అనే ఒకే ఒక్క మాటని రకరకాల గొంతుల్లో పలికించి, మొహాల ఫొటోలతో జోడించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా అయిష్టమా అని అడిగారు. మాటకీ మొహానికీ పొంతన లేనప్పుడు మనుషులు ఇష్టాయిష్టాలని దేన్నిబట్టి పోల్చుకుంటారన్నదే అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాల గురించి కాని మాటలకి ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పాడు. సర్వర్ ఎందుకు పడిపోయిందో క్లయింట్‌కి వివరించేటప్పుడు మాటల వాటా 7 శాతమని నమ్మితే ఉద్యోగానికే ఎసరు. ఈ స్లైడ్ ఇంకా చూపించే క్లాసులో మిగతా సరుకు కూడా అనుమానించదగ్గదే.

భయం సంగతి వేరు, నేర్పు సంగతి వేరు. రెండూ ఒకే మందుతో తగ్గవు. భయానికి మెట్ల పద్ధతి ఉంది. 1958లో జోసెఫ్ వోల్పీ రాసిన దగ్గర్నుంచి మానసిక చికిత్సలో దీని రకాలు వాడుతూనే ఉన్నారు. సున్నా నుంచి వంద దాకా భయానికి మార్కులు వేసుకుని ఓ నిచ్చెన రాసుకోవాలి. ఉదాహరణకి: మీటింగ్ చాట్‌లో ఓ ప్రశ్న టైప్ చేయడం 20. స్టాండప్‌లో కాగితం చూడకుండా కెమెరా ఆన్ చేసి రెండు వాక్యాలు చెప్పడం 35. పదిమంది కాల్‌లో మొదటి ప్రశ్న తనే అడగడం 50. ఐదు నిమిషాల డెమో 65. క్లయింట్ ముందు మేనేజర్ లెక్కలో తప్పుందని మర్యాదగా చెప్పడం 90. మొదలుపెట్టాల్సింది 35 దగ్గర. 20 దగ్గర మొదలెడితే ఏమీ మారదు, 90తో మొదలెడితే మర్నాడు సిక్ లీవ్. ఒకే మెట్టు మీద వారానికి మూడు నాలుగు సార్లు నిలబడి, విసుగు పుట్టాకే పై మెట్టు.

చాలామంది మెట్లు ఎక్కుతారు గానీ భయం తగ్గదు. దానికి కారణం రక్షణ ఎత్తులు. కెమెరా ఆపేయడం, ముందే రాసుకున్నది గుక్కతిప్పుకోకుండా చదివేయడం, ప్రశ్నలొస్తాయని గబగబా ముగించేయడం, 'ఆఫ్‌లైన్లో మాట్లాడదాం' అనేయడం. వీటివల్ల ఆ పూటకి గండం గడుస్తుంది. కానీ 'ఇవి చేశాను కాబట్టే బయటపడ్డాను' అని మనసు రాసుకుంటుంది, భయం అలాగే ఉంటుంది. అందుకని మెట్టు ఎక్కేటప్పుడు ఒక్కో ఎత్తు వదిలేయాలి. ఇంకో పని: మీటింగ్‌కి ముందు ఫోన్‌లో రెండు లైన్లు రాసి పెట్టుకోండి. ఏమవుతుందని భయం, అది జరుగుతుందని ఎంత శాతం నమ్మకం. 'తడబడితే అందరూ నవ్వుతారు, 70 శాతం.' అయ్యాక మూడో లైను: నిజంగా ఏమైంది. 'ఒకచోట తడబడ్డాను, ఇద్దరు ఫోన్ చూసుకుంటున్నారు, ఒకరు ఎస్టిమేట్ అడిగారు.' నిజం ఎంత చప్పగా ఉంటుందో కాగితం మీద చూస్తేనే తెలుస్తుంది. గుండె దడ తగ్గడం కంటే, ముందు వేసుకున్న అంచనా తప్పని తేలడమే ఇక్కడ పనిచేసే దినుసని ఇప్పటి చికిత్సకుల్లో చాలామంది లెక్క.

నేర్పుకి మాత్రం రికార్డింగే దారి. ఫోన్‌లో తొంభై సెకన్లు, నిన్న చేసిన పని గురించి. వినేటప్పుడు అంతా ఒకేసారి దిద్దుకోబోయి చాలామంది తమ గొంతే తమకి నచ్చక మానేస్తారు. ఒక వారం ఒక్కటే వినండి: మొదటి వాక్యంలో అసలు సంగతి ఉందా? మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది: 'యాక్చువల్లీ నిన్న ఆ పేమెంట్ ఇష్యూ ఉంది కదా, దాని మీదే ఉన్నాను, బేసికల్లీ రెండు మూడు చోట్ల చూశాను, డేటాబేస్ టీమ్‌తో కూడా మాట్లాడాను, సో అది కొంచెం...' వినేవాడికి పని అయిందో లేదో ఇంకా తెలియలేదు. దాన్నే తిరగేస్తే: 'పేమెంట్ బగ్ దొరికింది. సాయంత్రం నాలుగుకి ఫిక్స్ ఇస్తాను. దానికి రెండింటిలోపు టెస్ట్ డేటా కావాలి.' ఇంగ్లిషులో చెప్పినా క్రమం ఇదే. అయింది, ఎప్పటికి, ఏం కావాలి. మన కుర్రాళ్లలో చాలామందికి ఇంగ్లిషు చాలక వచ్చిన ఇబ్బంది కాదిది. కథని మొదట్నుంచీ చెప్పుకురావడం అలవాటు, ఆఫీసులో ముగింపు ముందు కావాలి. ఒకే విషయాన్ని మూడుసార్లు రికార్డ్ చేస్తే మూడోసారికి తేడా వినిపిస్తుంది. రెండో వారం 'యాక్చువల్లీ'లు లెక్కపెట్టుకోవచ్చు. వాటి స్థానంలో ఇంకో మాట వెతకొద్దు, నోరు మూసి ఒక్క సెకను ఆగితే చాలు.

నలుగురి ముందు మాట్లాడడం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఈ ఊళ్లో బోలెడు, చాలా కంపెనీల్లో లోపలే ఉంటాయి. అందులో నాకు నచ్చేది టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. పక్కన 'ఆ కౌంటర్' ఒకరు కూర్చుని మన 'ఆ'లు, 'ఊ'లు లెక్కపెట్టి చదువుతారు. సిగ్గుగా ఉంటుంది, అందుకే పనిచేస్తుంది. నచ్చనిది చప్పట్లు. ప్రతిదానికీ చప్పట్లు కొడితే దేనికి కొట్టారో ఎలా తెలుస్తుంది?

ఇది ఫీడ్‌బ్యాక్ దగ్గరికి తెస్తుంది. ఫీడ్‌బ్యాక్ అంటే ఎప్పుడూ మంచిదే అనుకుంటాం. 1996లో క్లూగర్, డెనిసి పాత అధ్యయనాలన్నీ పోగేసి 607 ఫలితాలు లెక్కవేస్తే, సగటున లాభమే కనబడింది గానీ మూడో వంతుకి పైగా చోట్ల ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా చెడింది. వాళ్ల వివరణ ఏమిటంటే, మాట పని మీద నుంచి మనిషి మీదికి వెళ్లినప్పుడు చెడుతుంది. 'నువ్వు కాన్ఫిడెంట్‌గా లేవు' అంటే ఆ మనిషి తన గురించి ఆలోచనలో పడతాడు, పని పక్కకి పోతుంది. పొగిడినా అంతే. అందుకని అడిగేటప్పుడే ప్రశ్నని పని మీద పెట్టండి. 'అన్నా, ఎలా మాట్లాడాను?' అంటే వచ్చే జవాబు 'బానే ఉంది రా'. 'అన్నా, నేనేం అడుగుతున్నానో నీకు ఏ స్లైడ్ దగ్గర అర్థమైంది?' అంటే జవాబులో ఓ అంకె వస్తుంది. అది నాలుగో స్లైడ్ అయితే మొదటి మూడూ తీసేయొచ్చేమో చూసుకోవచ్చు. పది నిమిషాల్లోపు అడగాలి, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా ఎప్పుడు చేయాలి? 'రోజూ సాయంత్రం ఏడింటికి' అని రాసుకునేవాడికి బెంగళూరు తెలియదనుకోవాలి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే ఏడున్నర, ఇల్లు చేరేసరికి అమెరికా కాల్. 1999లో పీటర్ గోల్విట్జర్ రాసిన ఓ వ్యాసం తర్వాత బాగా పరీక్షకి నిలిచిన పద్ధతి ఒకటుంది: ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను అని ముందే ఒక వాక్యంలో ముడివేసుకోవడం. 2006లో గోల్విట్జర్, షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, ఉత్తి సంకల్పం కంటే ఇలా ముడివేసుకున్న సంకల్పం గట్టిగా పనిచేసింది. బెంగళూరులో ఆ ముడి గడియారానికి కాకుండా సంఘటనకి వేయాలి. 'క్యాబ్‌లో సీటు బెల్టు పెట్టుకోగానే కార్డులు తీస్తాను.' 'మధ్యాహ్నం టీ కప్పు బల్ల మీద పెట్టగానే తొంభై సెకన్లు రికార్డ్ చేస్తాను.' ట్రాఫిక్ ఎంతున్నా బెల్టు పెట్టుకోవడం తప్పదు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున క్యాబ్ ఉండదు, ముడి తెగుతుంది. ఎక్కువమంది పద్ధతి అక్కడే ఆగిపోతుంది. ఆ రోజులకి రెండో వాక్యం ముందే రాసిపెట్టుకోవాలి. ఒకేసారి రెండుకి మించి ముళ్లు వేయొద్దు.

ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటు అనేది ఓ ప్లాస్టిక్ సర్జన్ 1960లో తన పేషెంట్ల గురించి రాసిన ముక్క, నోటినోటా పాకి శాస్త్రమై కూర్చుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో అలవాటు దానంతటది నడవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు, 18 నుంచి 254 దాకా సాగింది. నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం ఆలస్యంగా. అదే అధ్యయనంలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనబడలేదు. ఇరవయ్యొక్కో రోజు వచ్చినా ఇంకా కష్టంగా ఉందని 'నా వల్ల కాదు' అనుకుని మానేసినవాళ్లకి ఆ అంకె చేసిన చెరుపు చాలా ఉంది.

కొన్నిటిని ఒక్క ఊపులో పక్కన పడేయొచ్చు. కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారని టెస్ట్ పెట్టి దాని ప్రకారం పాఠం చెప్పడానికి సరైన ఆధారం లేదని 2008లో పాష్లర్ తదితరులు తేల్చారు. దర్జా ఒలికే భంగిమలో కాసేపుంటే హార్మోన్లు మారతాయన్నదాన్ని 2015లో ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లు కదల్లేదు. సంకల్పబలం వాడేకొద్దీ అయిపోతుందన్న సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా. పుస్తకంలో రంగు పెన్నుతో గీతలు గీయడం చదివిన తృప్తినిస్తుంది, అంతే.

ఇంకో హద్దు గురించి చెప్పాలి. రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, మీటింగ్ అంటే వాంతి వచ్చేంత భయం, చావాలన్న ఆలోచన: వీటికి స్వీయ వికాసం పుస్తకాలు మందు కావు. ఈ విషయంలో బెంగళూరులో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఊళ్లోనే పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ఫోన్, గేముల వ్యసనానికని అక్కడ 2014 నుంచి విడిగా షట్ క్లినిక్ కూడా నడుస్తోంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. లైఫ్ కోచ్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇన్ని తెలిశాక కూడా క్లాసుకి వెళ్లాలనుకుంటే వెళ్లండి, క్లాసులన్నీ దండగ అని నేననను. నలుగురి మధ్య నోరు తెరవడం గదిలో ఒంటరిగా కుదరదు. ఫీజు కట్టేముందు ఓ చిన్న లెక్క వేసుకోండి. రెండు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు, నలభై మంది. సగం సమయం నేర్చుకునేవాళ్లకే ఇచ్చారనుకున్నా ఒక్కొక్కరి వంతుకి పన్నెండు నిమిషాలు. టీ కప్పు పెట్టాక తొంభై సెకన్లు చొప్పున ఎనిమిది రోజులు మాట్లాడితే అవే పన్నెండు నిమిషాలు, పైసా ఖర్చు లేదు. కాబట్టి కౌంటర్ దగ్గర అడగాల్సినవి: బ్యాచ్‌లో ఎంతమంది? నేను ఎన్ని నిమిషాలు మాట్లాడతాను? విన్నవాళ్లు ఏం రాసిస్తారు? అదే పని మళ్లీ చేయడానికి వారం తర్వాత ఇంకో సెషన్ ఉందా? పది మంది బ్యాచ్, వారానికో గంటన్నర, ఎనిమిది వారాలు అనేవాళ్లు దొరికితే కాస్త ఎక్కువైనా వాళ్లకే ఇవ్వండి. జవాబు సరిగ్గా రాకపోతే ఉచిత డెమోకి వెళ్లి వెనక వరుసలో కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవండి. ట్రైనర్ నోరు ఎంతసేపు ఆడిందో, వచ్చినవాళ్ల నోరు ఎంతసేపు ఆడిందో విడివిడిగా కొలిచి, ఆ రెండు అంకెలు చూశాక పర్సు తీయాలో వద్దో తేల్చుకోండి.